అయిదు విజయముల కోట

పూసపాటి పెద విజయరామరాజు పేరు తెలుగువారిలో చాలమందికి ఒకే ఒక సందర్భంలో వినవస్తుంది. జంగం కథకుడు తంబుర మీటి, వంతల గుమ్మెట మోతల నడుమ బొబ్బిలి కథ ఎత్తుకొన్నప్పుడు, ఆ కథలో పరాయి ఫిరంగులను వెంటబెట్టుకొని ఇరుగువాని ఇంటి మీదికి వచ్చిన రాజుగా ఆయన ప్రవేశిస్తాడు. కథ ముగిసే వేళకు డేరాలో కత్తిపోట్లతో కన్నుమూస్తాడు. వింటున్న జనం తృప్తిగా నిట్టూర్చి ఇండ్లకు పోతారు. మల్లేశం పేరిట ప్రచారంలో ఉన్న జంగం కథ గాని, దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయ చరిత్రము గాని, 1964లో వచ్చిన బొబ్బిలియుద్ధం చలనచిత్రం గాని ఆయనకు ఇచ్చిన పాత్ర ఇదే. ఓడినవారి పక్షాన కవులు నిలిచిన అరుదైన యుద్ధాలలో ఇదొకటి. గెలిచినవానికి కీర్తి దక్కలేదు సరికదా, అంతకు ముందు నలుబదియారేండ్లు ఆయన సాగించిన రాజ్యపాలన యావత్తూ ఆ మూడునాళ్ళ కథ క్రింద కప్పబడిపోయినది.

పూసపాటివారు కృష్ణాతీరంలోని పూసపాడు నుంచి వచ్చిన క్షత్రియులు. సంప్రదాయం ప్రకారం, గోలకొండ ప్రభువుల ఫౌజుదారు షేర్ మహమ్మదుఖాను 1652లో చికాకోలుకు, అనగా నేటి శ్రీకాకుళానికి వచ్చినపుడు, వీరి మూలపురుషుడు మాధవవర్మ కూడ ఆ ప్రాంతానికి వచ్చి కుమిలి, గండ్రేడు భూములను పొందినాడు. అదే ఖాను వెంట అదే కాలంలో మరొక సేనానాయకుడు వచ్చినాడు. ఆయన పెద్దరాయుడు, వెలమదొర. ఆయనకు రాజాం సీమ దక్కినది. పెద్దరాయుని కొడుకు లింగప్ప ఖానుగారి కుమారుని శత్రువుల చెరనుంచి విడిపించి రంగారావు బిరుదును, పండ్రెండు గ్రామాలను సంపాదించినాడనీ, ఖాను పేరులోని షేర్ అనగా పెద్దపులి కాబట్టి ఆ కృతజ్ఞతతో తాను కట్టిన కోటకు పెద్దపులి అని పేరు పెట్టగా అది క్రమంగా బొబ్బిలి అయినదనీ చెప్తారు. భాషాశాస్త్రజ్ఞులు ఈ వ్యుత్పత్తిని ఎంతవరకు అంగీకరిస్తారో గాని, రెండు వంశాలూ ఒకే పంక్తిలో కూర్చుండి ఒకే యజమాని చేతి అన్నం తిన్నవన్న మాట మాత్రం గమనించదగినది. తరువాత వచ్చిన పగకు ఆ పొరుగుతనమే పాదు.

విజయరామరాజు 1710లో గద్దె నెక్కినాడు. అప్పటికి పూసపాటివారి ముఖ్యస్థానం పొట్నూరు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దిగ్విజయానికి గుర్తుగా జయస్తంభం నాటించిన ఊరు అదే. పరుల జయస్తంభం నీడలో కాపురముండుట ఈ యువప్రభువుకు రుచింపలేదో, లేక మైదానంలో విశాలమైన స్థలం కావలసివచ్చినదో, 1712లో ఆయన కొత్త చోటికి మకాం మార్చినాడు. అడవిలో తపస్సు చేసుకొనుచున్న మహబూబ్ వలీ అనే మహమ్మదీయ సాధువు ఆ స్థలాన్ని నిర్దేశించినాడని ఐతిహ్యం. 1713లో కోటకు పునాది పడినది. కట్టించినవాడు విజయరాముడు, సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారమని పిలువబడే మంగళవారం, ఊరి పేరు విజయనగరం. ఇట్లు అయిదు విజయాలు కలిసివచ్చిన కోట అని నేటికీ ఆ ఊరివారు వ్రేళ్ళు మడిచి లెక్క చెప్తారు. నాలుగు మూలల బురుజులతో, చుట్టూ కందకంతో, తూర్పున సింహద్వారంతో చతురస్రాకారంగా లేచిన ఆ రాతికోటను చూచినవానికి దానిని కట్టించినవాని మనస్సు కొంతవరకు తెలుస్తుంది. అది దండుకు వచ్చి దోచుకొని పోయేవాని కోట కాదు. వంశం పొడుగునా నిలిచియుండవలెనని కోరినవాని కోట.

ఆ కోరిక నెరవేరుటకు కాలం అనుకూలించినది. ఔరంగజేబు మరణంతో మొగలు సామ్రాజ్యం సడలిపోయినది. దక్కనులో నిజాం నిలదొక్కుకొన్నాడు. చికాకోలులో ఫౌజుదారులు వస్తున్నారు, పోతున్నారు. వచ్చిన ప్రతివానికీ పేష్కషు కావలెను. దానిని వసూలు చేసిపెట్టగల బలమైన జమీందారు కావలెను. విజయరామరాజు అట్టి జమీందారై, చెల్లించవలసినప్పుడు చెల్లించి, ఎగవేయదగినప్పుడు ఎగవేసి, చిన్న చిన్న దొరలను ఒక్కొక్కరినే తన ఛత్రం క్రిందికి తెచ్చుకొన్నాడు. చికాకోలు సర్కారు ఆనాడు చిన్న సీమ కాదు. దక్షిణాన విశాఖపట్నం మొదలు ఉత్తరాన టెక్కలి, పలాస దాటి, మహేంద్రగిరికీ సముద్రానికీ నడుమ సన్నని పట్టీవలె సాగే ఉద్దానపు తీరం మీదుగా, ఇచ్ఛాపురానికి ఆవల గంజాం వరకు ఉండేది. ఈ పొడవునా పర్లాకిమిడి గజపతులు, మందస మొదలైన కొండసీమల దొరలు ఎవరి కోటలో వారు ఉండి, ఎవరికీ పూర్తిగా లొంగక, ఎవరినీ పూర్తిగా ధిక్కరింపక కాలం గడుపుచుండిరి. ఈ దొరలందరిలో తానే పెద్దననిపించుకొనుట విజయరామరాజు జీవితాశయం.

1753లో హైదరాబాదు నవాబు సలాబత్ జంగు తన సింహాసనాన్ని నిలబెట్టిన ఫ్రెంచి సేనాని బస్సీకి, సైన్యం ఖర్చుల నిమిత్తం ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారులను ధారాదత్తం చేసినాడు. అంతవరకు రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారుల ఫౌజుదారుగా ఉన్న జాఫరాలీఖాను దీనికి సమ్మతింపలేదు. మొదట విజయరామరాజు కూడ జాఫరాలీతోనే చేరినాడు. కాని మచిలీపట్నంలో ఉన్న ఫ్రెంచి అధికారి మోరాసిన్ రాజు మనసెరిగినవాడు. ఆ రెండు సర్కారులనూ అసలు విలువకు చాల తక్కువ మొత్తానికి గుత్తకిస్తామని కబురు పంపినాడు. రాజు పక్షం మార్చినాడు. ఒంటరియైన జాఫరాలీ నాగపురం వెళ్ళి మరాఠాలను పిలుచుకొని వచ్చినాడు. 1754లో మరాఠా గుర్రాలు సర్కారుల మీద పడినవి. అనకాపల్లి దగ్గర తుమ్మపాల వద్ద విజయరామరాజు సైన్యమూ, సహాయంగా వచ్చిన ఫ్రెంచి దళమూ కలిసి కూడ వారిని నిలువరింపలేకపోయినవి. భీమునిపట్నంలోని డచ్చివారి కొఠీ కొల్లపోయినది. పల్లెల సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాజు గుత్త లాభానికి రైతు ఇండ్లు తగులబడినవి.

అయినను ఆ ఓటమి రాజుకు నేర్పిన పాఠం వేరు. ఫిరంగి ఎవరి చేతిలో ఉన్నదో వారితోనే ఉండవలెను. ఇదే ఆయన గ్రహించినది. 1756లో బస్సీకి హైదరాబాదులో కష్టకాలం వచ్చినది. ఆ అదను చూచి, బస్సీ నియమించిన ఫౌజుదారు ఇబ్రహీంఖానే ఎదురు తిరిగినాడు. సర్కారులలోని దొరలు చాలమంది ఎటు గాలి వీస్తుందో చూచి అటు వంగుదమని ఊరకున్నారు. విజయరామరాజు మాత్రం ఫ్రెంచివారి యెడ చలింపలేదు. ఆ యేడు డిసెంబరులో బస్సీ మరల బలం పుంజుకొని రాజమహేంద్రవరం రాగా, వేలకొలది సేనతో ఎదురేగి కలిసికొన్నవాడు ఆయనే. బస్సీ కృతజ్ఞుడైనాడు. ఇప్పుడు కోరదగిన వరం ఒక్కటే మిగిలినది.

ఆ వరం బొబ్బిలి. విజయనగరానికి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, వేగవతి ప్రవహించే ఆ సీమలో వెలమ ప్రభువు గోపాలకృష్ణ రంగారావు ఏలుచుండెను. ఇరువురి భూములూ ఒకదానితో ఒకటి అల్లుకొని ఉండేవి. వాగుల నీళ్ళ కోసం, పొలిమేరల కోసం ఏటేటా తగాదాలు వచ్చేవి. రాజులు రాజులు పోరాడినది కీర్తి కోసమని కావ్యాలలో చదువుతాం గాని, ఈ కథలో పగకు తొలి విత్తనం పొలానికి పారే నీరు. దీనికి తోడు బొబ్బిలివారు విజయనగర ప్రాభవాన్ని సరకుచేసేవారు కారు. ఒకే ఖాను వెంట వచ్చినవాడు నేడు తమకు పైవాడెట్లయినాడని వారి ప్రశ్న. సేవకులై వచ్చినవారి మనుమలకు ఈ పంతం ఎంత పెద్దదో మనం నేడు ఊహించుట కష్టం.

రాజు బస్సీకి నూరిపోసినాడు. బస్సీ మొదట యుద్ధం కోరలేదు. బొబ్బిలి విడిచిపొమ్మని, దానికి బదులుగా అంతకంటె మంచి భూములను మరొకచోట ఇస్తామని రంగారావుకు కబురంపినాడు. తాతల నాటి కోటను ఇచ్చి మరొకచోట ఎత్తుబడి పోవుట రంగారావుకు మరణంకంటె అవమానమనిపించినది. ఇంతలో బొబ్బిలి అడవి దారిలో పోవుచున్న ఫ్రెంచి సిపాయిల దళమొకటి దాడికి గురియై కొందరు మరణించినారు. ఈ సంఘటన విజయరామరాజు పనిని సుళువు చేసినది. బస్సీ దుబాసీ హైదరుజంగు లంచం ఆశించి, అది అందక, ఇరువైపుల మాటలను తారుమారు చేసినాడని తెలుగు కథలు చెప్తాయి. హైదరుజంగు 1758లో ఔరంగాబాదులో తానే కత్తికి బలియైనాడు. ఆ కత్తి పట్టించిన కారణాలు వేరు.

1757 జనవరి 24వ తేదీన తెల్లవారుజామున దాడి మొదలైనది. బస్సీ వెంట 750 మంది ఐరోపా సైనికులు, వారిలో 250 మంది ఆశ్వికులు, నాలుగు ఫిరంగులు. విజయరామరాజు పక్షాన సిపాయిలు, బంట్లు 11,000 మంది. ఇది ఆనాటి ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్ము ఇచ్చిన లెక్క. ఇంత సైన్యం ముట్టడించిన కోట ప్రక్కకు 200 గజాలు మాత్రమే ఉన్న మట్టికోట. మూలకొక బురుజు. గోడ ఎత్తు 22 అడుగులు. మెదిపిన బంకమట్టిని పొరమీద పొరగా పేర్చి, ఒక్కొక్క పొరనూ మూడేసి దినాలు ఎండబెట్టి కట్టినది. ఫిరంగి గుండ్లు ఆ మట్టిలో దిగబడి నిలిచిపోయేవి గాని రాతిగోడను పగులగొట్టినట్లు పగులగొట్టలేకపోయేవి. చుట్టూ దట్టమైన ముళ్ళ అడవి. తొమ్మిది గంటలకు బురుజుల మీది పిట్టగోడలు కొన్ని కూలినవి. నాలుగు దిక్కులా నిచ్చెనలు వేసినారు. గంటసేపు ప్రయత్నించినను ఒక్కడు కూడ గోడ దాటలేదు. వెనుకకు తగ్గి, మరల ఫిరంగులు పేల్చి, మరల ఎక్కబోయినారు.

ఆ విరామంలోనే కోటలో ఘోరం జరిగినది. ఇక కోట నిలువదని తెలిసిన రంగారావు తనవారిని సమావేశపరచి, ఆడవారూ బిడ్డలూ పరుల చేతికి, అందునా విజయరామరాజు చేతికి చిక్కరాదని నిశ్చయించినాడు. కొందరు కాగడాలు, బల్లెములు, కత్తులు తీసికొని కోట నడుమ ఉన్న ఇండ్లకు పోయినారు. గంధకం, కీలు పట్టించిన గడ్డి వేసి నిప్పంటించినారు. మంటనుంచి బయటికి రాబోయిన స్త్రీని గాని బిడ్డను గాని తమ చేతులతోనే పొడిచినారు. రాణి మల్లమ్మదేవి ఈ ఆహుతిలో కలిసినదని కథ. దీనిని వీరధర్మమని పొగడినవారు ఉన్నారు. పొగడుట పాడేవారికి సులభం. బొబ్బిలి కోటలో ఆనాడు గడపదాటి పారిపోబోయిన తల్లిని పొడిచినవాని చేయి వణకలేదని చెప్పగలిగినవారెవరూ మిగులలేదు. ఆ నిప్పును విజయరామరాజు వేయలేదు. కాని ఆ నిప్పు వేయక తప్పదని ఒక మనిషి అనుకొనునంత భయాన్ని కోట వాకిటికి తెచ్చినవాడు ఆయనే. తన పేరు వినగానే పొరుగింటివాడు బిడ్డలను చంపుకొనుటకు సిద్ధపడినాడన్నమాట ఏ రాజు చరిత్రలోనైనా చిన్న మచ్చ కాదు.

ఆ పని ముగించి వచ్చినవారు మరల గోడలమీద నిలిచినారు. మధ్యాహ్నం దాటే వరకు పోరాటం సాగినది. రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయిన తరువాత గాని ఫ్రెంచి సేనాని లా బురుజు ఎక్కలేకపోయినాడు. శరణు వేడినవారు లేరు. అంతా అయిన తరువాత ఒక ముసలివాడు మారుమూల గుడిసెనుంచి ఒక పసివాని చేయి పట్టుకొని వచ్చి లాకు అప్పగించినాడు. అతడు రంగారావు కొడుకు. తండ్రి ఆనతి మీరి ఆ ముసలివాడు వానిని దాచినాడు. యుద్ధమంతా శిబిరంలోనే ఉండిన బస్సీ ఆ పిల్లవానిని చూచి, తండ్రికి ఇవ్వజూపిన భూములను అతనికే ఇచ్చుచున్నట్లు ప్రకటించినాడు. విజయరామరాజునుంచి ఏ ఆపదా రాకుండ పిల్లవానికి ఐరోపా సైనికులను కాపలా ఉంచుమని కూడ ఆజ్ఞాపించినాడు. తన ముఖ్య మిత్రునిపై బస్సీకున్న అభిప్రాయం ఈ ఒక్క ఆజ్ఞలో ఉన్నది.

విజయరామరాజు గెలిచినాడు. కోరిన సీమ చేతికి వచ్చినది. రెండు రాత్రులు గడచినవి. ఆయన అప్పటికి బాగా వయసు మీరినవాడు. పరుల సాయం లేక ఆసనంనుంచి లేవలేనంత స్థూలకాయుడని ఆర్ము వ్రాసినాడు. బొబ్బిలి కోట పడిన సాయంకాలం, రంగారావు నేలకొరుగుట చూచిన నలుగురు బంట్లు కోటలో ఒక మూల దాగి, రాత్రి పొద్దుపోయిన తరువాత గోడ దిగి, శత్రువుల మధ్యనుంచి నడిచిపోయినారు. భాష ఒక్కటే గనుక ఎవరూ అనుమానించలేదు. అడవిలో రెండు దినాలు పొంచియుండి, శిబిరంలో సందడి తగ్గిన పిమ్మట వారిలో ఇద్దరు మరల వచ్చినారు. రాజు డేరా అంచు ఎత్తి, నేలమీద ప్రాకి, లోపలికి దూరినారు. రాజు ఒంటరిగా నిద్రించుచుండెను. ఇద్దరూ ఒకేసారి గుండెలో పొడిచినారు. మూలుగు విని కావలివాడు తుపాకి పేల్చినాడు, గురి తప్పినది. జనం మూగినారు. హంతకులు తప్పించుకొనుటకు ప్రయత్నింపలేదు. శవాన్ని చూపి తమ పని నెరవేరినదన్నారు. అక్కడికక్కడే వారిని కాల్చిచంపినారు. రాజు శరీరంపై 32 గాయాలు. వీరిద్దరూ విఫలులైతే ఆ పని పూర్తి చేయుటకు మిగిలిన ఇద్దరు అడవిలో ప్రతిజ్ఞ పట్టి కూర్చుండిరట.

ఆర్ము వ్రాతలో ఆ ఇద్దరికీ పేర్లు లేవు. తెలుగు కథలో మొదటివాని పేరు తాండ్ర పాపారాయుడు. రాజాంలో ఉండి, కబురు ఆలస్యంగా అంది, పరుగున వచ్చి బూడిదను చూచిన సర్దారు. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆ తరువాత విజయనగరం జిల్లాలో చేరిన రాజాంలో ఆయన పేరు తెలియని పసిపిల్లవాడు లేడు. పాపారాయుడు, నామరహితుడైన ఆ బంటు ఒక్కరేనా అని విచారించుటకు పండితులకు పని ఉన్నది. ఉత్తరాంధ్ర పల్లెలు ఆ విచారణ ఏనాడో ముగించుకొన్నవి.

విజయరామరాజు ఇంకొక్క యేడాది బ్రతికియుంటే తాను వేసిన లెక్క ఎంత తప్పో కన్నులారా చూచియుండేవాడు. బస్సీ బొబ్బిలినుంచి ఉత్తరంగా గంజాం దిక్కుకు సాగి, మరలి వచ్చి 1757 జూన్ 26న ఇంగ్లీషువారి విశాఖపట్నం కొఠీని స్వాధీనం చేసికొన్నాడు. అంతకు మూడు దినాల ముందే ప్లాసీలో ఇంగ్లీషువారు బంగాళాన్ని గెలిచియున్నారు. ఫ్రెంచి ఫిరంగి ఆయువు తీరిపోయినదని సర్కారులలో ఇంకా ఎవరికీ తెలియదు. విజయరామరాజు తరువాత గద్దె నెక్కిన ఆనందరాజుకు బస్సీ ఏర్పాట్లు నచ్చలేదు. ఆయన 1758లో ఫ్రెంచివారినుంచి విశాఖపట్నం లాగుకొని, ఇంగ్లీషువారిని ఆహ్వానించినాడు. క్లైవు పంపిన ఫోర్డు ఆ డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిలులో మచిలీపట్నం పట్టుకొన్నాడు. పెద విజయరామరాజు నలుబదియేండ్లు శ్రమించి కట్టిన పలుకుబడి రెండేండ్లలో ఇంగ్లీషు కుంపిణీకి మెట్టుగా ఉపయోగపడినది. ఆనందరాజు 1760లో రాజమహేంద్రవరంలో మశూచికంతో మరణించినాడు. ఆ తరువాత పిన్నవయసులో దత్తతకు వచ్చిన మరొక విజయరామరాజు, అన్న సీతారామరాజు పెత్తనంలో పెరిగి, కడకు పేష్కషు బాకీల తగాదాలో అదే కుంపిణీ సేనను ఎదిరించి 1794 జూలై 10న పద్మనాభం వద్ద నేలకొరిగినాడు.

కోట మరుగుపడిన కథలు ఇంకొన్ని ఉన్నవి. మంటనుంచి బయటపడిన ఆ పిల్లవాడు, చినరంగారావు, పెరిగి పెద్దవాడైన తరువాత సీతారామరాజు చేతికి చిక్కి విజయనగరం కోటలోనే బందీయై యుండినాడు. అయిదు విజయాల కోటలో బొబ్బిలి వారసుడు ఖైదీ. అతడు తప్పించుకొని నిజాం రాజ్యానికి పోయి, పద్మనాభ యుద్ధానంతరం ఇంగ్లీషువారి ద్వారా తండ్రి సీమను తిరిగి పొందినాడు. బొబ్బిలిలో పాత మట్టికోట ఉన్న చోట 1891లో ఆ వంశంవారు ఒక స్మారకస్తంభం నిలిపినారు. విజయనగరం కోటలో రాజకార్యాలు ఉడిగి, 1958లో ఏర్పడిన మాన్సాస్ సంస్థ విద్యాలయాలు వెలసినవి. సింహద్వారం క్రింద నేడు పుస్తకాల సంచులు పోతూ వస్తూ ఉంటాయి.

విజయరామరాజును జంగం కథ తిట్టిపోసినను, ఆయన ఊరు మాత్రం ఆయన ఇంటి ఆడపడుచును విడువలేదు. పైడితల్లి ఆయన సోదరి యని స్థానికుల నమ్మకం. బొబ్బిలి మీదికి పోవద్దని అన్నను వారించినదట. మశూచికంతో మంచమెక్కియుండియు, అన్నకు రానున్న అపాయం తోచి, హెచ్చరించుటకు బయలుదేరినదట. దారిలోనే అన్న మరణవార్త వినవచ్చినది. సొమ్మసిల్లిన ఆమె, తన ప్రతిమ పెద్దచెరువులో దొరకునని చెప్పి కన్నుమూసినదట. పతివాడ అప్పలస్వామినాయుడు ఆ ప్రతిమను వెలికితీసినాడనీ, ఆ సంవత్సరం 1757 అనీ చెప్తారు. యుద్ధాన్ని గెలిచిన రాజుకు గుడి లేదు. యుద్ధం వద్దన్న చెల్లెలు ఊరి దేవత. ఏటా విజయదశమి వెళ్ళిన మంగళవారం నాడు, అనగా కోటకు పునాది పడినదని చెప్పే జయవారం నాడే, సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన చింతమాను కొనకు కట్టిన ఆసనంపై పూజారి కూర్చుండగా, మూడు లాంతర్ల వద్దనున్న గుడినుంచి సిరిమాను కోట వైపు కదులుతుంది. శ్రీకాకుళం, ఉద్దానం ప్రాంతాలనుంచి సైతం జనం వస్తారు. పూసపాటివారు బురుజు మీద కూర్చుండి చూస్తారు. సిరిమాను కోట వాకిటిదాకా వచ్చి, వెనుకకు మరలిపోతుంది. మూడు పర్యాయాలు అట్లు వచ్చి, మూడు పర్యాయాలూ మరలిపోతుంది.